సిటీలో ఇల్లు కొనలేం, అద్దె కట్టలేం: ఇందులో ప్రభుత్వం చేయాల్సింది ఏమిటి?

నగరాల్లో ఇళ్ల ధరలు, అద్దెలు జీతాలకు అందనంత పెరిగిపోయాయి కదా, ప్రభుత్వం జోక్యం చేసుకోవాలా లేక మార్కెట్‌కే వదిలేయాలా అని అడిగారు. నేను బిల్డింగ్ ప్లాన్లు గీసే ఆఫీసులో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఉండేది అద్దె ఇంట్లో. పొద్దంతా ఎవరో కట్టుకోబోయే ఇళ్లు గీసి, సాయంత్రం ఓనర్ ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలియని ఇంటికి వెళ్తాను. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒకటి చెప్పాలి. ఇళ్ల విషయంలో ప్రభుత్వం లేని మార్కెట్ ఏ నగరంలోనూ ఉండదు. ఒక స్థలంలో ఇల్లు కట్టాలా, దుకాణం కట్టాలా, అసలేమీ కట్టకూడదా అన్నది ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఎన్ని అంతస్తులు వేయొచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఎన్ని కార్లకు చోటు చూపించాలి అన్నదీ దాని నిర్ణయమే. రోడ్డు ఎటు వేయాలో, మెట్రో ఎటు వెళ్లాలో, నీళ్ల పైపు ఎక్కడిదాకా వస్తుందో కూడా అంతే. ఒక ఎకరం ధర పదింతలవడానికి చాలాసార్లు ఆ ఎకరం యజమాని చేసిన పని ఏమీ ఉండదు, పక్కనుంచి రోడ్డు వెళ్లి ఉంటుంది. కాబట్టి జోక్యం ఎప్పటి నుంచో ఉంది. అది ఎవరికి మేలు చేస్తోంది అన్నదే అడగాలి.

మా ఆఫీసులో రోజూ కనిపించేదే ఒకటి చెప్తాను. ఒక సైటుకు ప్లాన్ గీసేటప్పుడు మొదట గదులు గీస్తామని చాలామంది అనుకుంటారు. గీసేది హద్దులు. తర్వాత నాలుగు వైపులా సెట్‌బ్యాక్, అంటే కట్టకుండా వదలాల్సిన ఖాళీ, వదులుతాం. ఎదుట ఉన్న రోడ్డు వెడల్పు చూసి ఎత్తు ఎంతవరకు వెళ్లొచ్చో లెక్క కడతాం. ఆ తర్వాత పార్కింగ్. కారు తిరగడానికి, ఎక్కడానికి, దిగడానికి చోటు కలుపుకుంటే ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు పోతుంది. ఒంటరిగా ఉండే మనిషికో, కొత్తగా పెళ్లయిన జంటకో అది దాదాపు ఒక ఇల్లు. సెల్లార్‌లో కార్లు ఎలా తిరుగుతాయో చూసి పిల్లర్లు ఎక్కడ పెట్టాలో ఖాయం చేస్తాం. ఆ పిల్లర్లు ఎక్కడ వచ్చాయో దాన్ని బట్టి పైన పడగ్గది ఎంత ఉండాలో తేలుతుంది. అంటే మనుషులు పడుకునే గది కొలతను కింద కారు నిర్ణయిస్తోంది.

ఒకసారి ఒక స్థలం యజమాని వచ్చి, చుట్టుపక్కల పని చేసేవాళ్లకు అద్దెకివ్వడానికి చిన్న చిన్న ఇళ్లు కావాలన్నాడు. ఒక గది, వంటగది, బాత్రూం, అంతే. ఉత్సాహంగా గీశాను. కానీ అక్కడి నిబంధన ప్రకారం ఇల్లు చిన్నదైనా పెద్దదైనా ఇంటికో కారు చోటు చూపించాలి. సైకిల్ మీద, బస్సులో పనికి వెళ్లేవాళ్ల ఇళ్లకు అన్ని కార్ల చోటు చూపించాలంటే ఇంకో సెల్లార్ తవ్వాలి. తవ్వకం, గోడలు, వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు లెక్కేస్తే అద్దె ఎవరూ కట్టలేనంత అవుతోంది. చివరికి అదే స్థలంలో ఇళ్ల సంఖ్య సగానికి తగ్గించి, పెద్ద ఫ్లాట్లు గీసిచ్చాను. అవి అమ్ముడుపోయాయి కూడా. ఆ రెండు డ్రాయింగులూ నా కంప్యూటర్‌లో ఇప్పటికీ ఉన్నాయి. మొదటి దాంట్లో ఉండాల్సిన కుటుంబాలు ఎక్కడికి వెళ్లి ఉంటాయా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఆ యజమాని దురాశపరుడేమీ కాదు. నిబంధన రాసినవాళ్లకూ చెడ్డ ఉద్దేశం ఉండి ఉండదు, రోడ్డు మీద కార్లు నిలబడకూడదనుకున్నారు.

అందుకే ప్రభుత్వం మొదట చేయాల్సింది తను పెట్టిన అడ్డంకులను తనే తిరిగి చూసుకోవడం అంటాను. అగ్నిప్రమాద భద్రత, గాలి వెలుతురు, భూకంపానికి తట్టుకునే బలం, వీటిని ముట్టుకోకూడదు. కానీ పార్కింగ్ కనీస సంఖ్య, ఇంటి కనీస సైజు, ఈ ప్రాంతంలో విడి ఇళ్లు మాత్రమే ఉండాలి అనే రూళ్లు ఎవరి కోసమో అడగాలి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ 2016లో కొత్త ప్లాన్ తెచ్చి, నివాస ప్రాంతాల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల నేల మీద ఇంతకుముందు కన్నా ఎక్కువ ఇళ్లు కట్టుకోవచ్చంది. కొన్నేళ్లలో అక్కడ ఇచ్చే ఇళ్ల అనుమతులు సుమారు రెట్టింపయ్యాయి. ఒక విడి ఇల్లు ఉన్న చోట నాలుగైదు వరస ఇళ్లు లేచాయి. జపాన్‌లో జోనింగ్ చట్టం, అంటే ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో చెప్పే చట్టం, దేశం మొత్తానికీ ఒకటే. పూర్తిగా పరిశ్రమలకే కేటాయించిన జోన్ తప్ప మిగతా అన్ని జోన్లలోనూ ఇల్లు కట్టుకోవచ్చు. అంత పెద్ద టోక్యోలో మామూలు జీతగాళ్లు ఏదో ఒక చిన్న ఇంట్లో ఉండగలగడానికి ఇదొక ముఖ్య కారణం.

అయితే రూళ్లు సడలిస్తే చాలు, మిగతాది మార్కెట్ చూసుకుంటుంది అనేవాళ్లతో నేను ఏకీభవించను. కొత్తగా కట్టే ఇల్లు ఎప్పుడూ ఖరీదైనదే. దాంట్లోకి డబ్బున్నవాళ్లు వెళ్తే వాళ్లు వదిలిన ఇల్లు ఇంకొకరికి, వాళ్లది మరొకరికి దొరుకుతుంది, నిజమే. కానీ అది కింది దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. ధరలు పడిపోతున్నాయంటే బిల్డర్లు కట్టడమే ఆపేస్తారు. నష్టానికి కట్టమని వాళ్లను ఎవరూ అడగలేరు. ఇళ్లల్లో పని చేసే ఆమెకు, సెక్యూరిటీ గార్డుకు సరిపడే అద్దెతో లాభం వచ్చే ఇల్లు ఖరీదైన నేల మీద కట్టడం కుదరదు. నేను ఎన్నో సైట్లకు ఆ లెక్క వేశాను. ఎటు తిప్పినా నేల ఖరీదు దగ్గరే ఆగిపోతుంది.

ఆ నేల ఖరీదు ఎలా తేలుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ప్రభుత్వాలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. స్థలం కొనే ముందు బిల్డర్ మా దగ్గరికి వచ్చి, ఇందులో ఎన్ని చదరపు అడుగులు వస్తాయో చెప్పమంటాడు. ఆ ఏరియాలో చదరపు అడుగు ఎంతకు పోతుందో అతనికి తెలుసు. మొత్తం అమ్మకం ఎంత వస్తుందో చూసుకుని, సిమెంటు, స్టీలు, కూలి, ఫీజులు, అప్పు మీద వడ్డీ, తన లాభం తీసేస్తాడు. మిగిలింది స్థలం యజమానికి ఇవ్వగల గరిష్ఠ ధర. ఆ స్థలం కోసం నలుగురు బిల్డర్లు పోటీ పడితే ధర సరిగ్గా అక్కడికే చేరుతుంది. అంటే కొనేవాళ్ల చేతిలో డబ్బు ఎంత పెరిగితే, నేల ధర అంత పెరుగుతుంది.

ఇప్పుడు ప్రభుత్వం ఇల్లు కొనేవాళ్లకు సాయం అని ప్రకటించిందనుకోండి. వడ్డీ తగ్గింపు, పన్ను రాయితీ, ఏదైనా సరే. వినడానికి బాగుంటుంది, ఓట్లు కూడా పడతాయి. కానీ కట్టే ఇళ్ల సంఖ్య పెరగకుండా కొనేవాళ్ల దగ్గర డబ్బు పెరిగితే ఆ సాయం ధరలో కలిసిపోయి స్థలం యజమాని జేబులోకి వెళ్తుంది. బ్రిటన్ 2013లో కొత్తగా కట్టిన ఇల్లు కొనేవాళ్ల కోసం ప్రభుత్వ రుణ పథకం పెట్టినప్పుడు, కొత్తగా కట్టడానికి చోటు తక్కువగా ఉన్న లండన్ మహానగరంలో ధరలు పెరిగాయే తప్ప ఇళ్లు పెద్దగా పెరగలేదని పరిశోధకులు తేల్చారు. మేము ఇల్లు కొందామని తిరుగుతున్న రోజుల్లో నాకూ ఇదే ఎదురైంది. లోన్ మీద రాయితీ వచ్చిందని సంతోషపడుతూ సేల్స్ ఆఫీసుకు వెళ్తే, అంతకుముందు చెప్పిన రేటు మారిపోయింది. "ఇప్పుడు మీకు ఎక్కువ లోన్ వస్తుంది కదండీ" అన్నాడు అక్కడి కుర్రాడు, ఎంతో మర్యాదగా. పెరిగిన రేటు, తగ్గిన వడ్డీ, ఒకదానికొకటి సరిపోయాయి. మా ఆవిడ ఆ బ్రోషర్‌ను మడిచి బ్యాగులో పెట్టుకుని, "పదండి" అంది. ఆ తర్వాత ఇల్లు కొనే మాట చాలాకాలం ఎత్తుకోలేదు.

అద్దెల నియంత్రణ సంగతి కూడా చెప్పాలి. దీని మీద అద్దెకుండేవాడిగా నాకు చాలా బాధ ఉంది. పిల్లల పరీక్షలు దగ్గర పడ్డాక ఇల్లు ఖాళీ చేయమంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు. స్కూలు మారాలా, రోజూ రెండు గంటలు ప్రయాణం చేయాలా, అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తారా, గోడకు మేకు కొట్టామని కోసుకుంటారా. కాబట్టి అద్దెకుండేవాళ్లను కాపాడే చట్టం కచ్చితంగా ఉండాలి. కారణం చెప్పకుండా ఖాళీ చేయించకూడదు. ఏడాదికి ఇంతకు మించి పెంచకూడదు అనే పరిమితి, అడ్వాన్స్ మీద పరిమితి, గొడవొస్తే త్వరగా తేల్చే కోర్టు ఉండాలి.

కానీ మార్కెట్ ధరకు చాలా కింద అద్దెలను బిగించి, అదే పరిష్కారం అనుకుంటే దెబ్బతినేది ఇంకా ఇల్లు దొరకనివాళ్లు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1994లో చిన్న పాత భవనాలకూ అద్దె నియంత్రణ వర్తింపజేశారు. దాని ఫలితాలను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు వెనక్కి వెళ్లి పరిశీలిస్తే, అప్పటికే ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకు నిజంగా మేలు జరిగింది, వాళ్లు నగరంలో నిలవగలిగారు. కానీ ఆ భవనాల యజమానులు అద్దెకిచ్చే ఇళ్లను 15 శాతం తగ్గించుకున్నారు. అమ్మేశారు, లేదా మార్చి కట్టేశారు. దాంతో నగరంలో మిగతావాళ్ల అద్దె సుమారు 5 శాతం పెరిగింది. బెర్లిన్ 2020లో అద్దెలను స్తంభింపజేసింది. అద్దెకు పెట్టే ఇళ్ల ప్రకటనలు బాగా తగ్గిపోయాయి. అలాంటి చట్టం చేసే అధికారం నగరానికి లేదని రాజ్యాంగ న్యాయస్థానం 2021లో దాన్ని కొట్టేశాక, కొందరు అద్దెదారులు అప్పటిదాకా తగ్గిన అద్దె సొమ్మును తిరిగి కట్టాల్సి వచ్చింది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నియంత్రిత అద్దె ఇంటికి పేరు రాయించుకుని ఏళ్ల తరబడి క్యూలో ఉంటారు. నగరానికి కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు ఆ క్యూ వల్ల ఒరిగేదేమీ లేదు. ఉన్నవాళ్లను హఠాత్తుగా రోడ్డున పడేయకుండా చూసే చట్టం వేరు, ఇళ్ల కొరతను ధర మీద గీత గీసి తీర్చేద్దాం అనుకోవడం వేరు. మొదటిదాని కోసం నేను ఎంతైనా వాదిస్తాను.

మరి ప్రభుత్వమే ఇళ్లు కట్టాలా? కట్టాలి అనే నా అభిప్రాయం. దీనికి వ్యతిరేకంగా అందరూ చూపించే ఉదాహరణ అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని ప్రూయిట్ ఐగో. 1950ల్లో కట్టిన 33 పెద్ద భవనాలు, 1972లో కూల్చడం మొదలుపెట్టారు. ప్రభుత్వ ఇళ్లంటే ఇంతే అనేస్తారు. ప్లాన్లు గీసేవాడిగా ఆ కథ నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. ఆ భవనాల మెయింటెనెన్స్ అంతా అందులో ఉండే పేదల అద్దెల మీదే నడవాలన్నారు. నగరంలో జనాభా తగ్గి, ఇళ్లు ఖాళీ అయ్యేకొద్దీ అద్దె డబ్బు తగ్గింది. లిఫ్టులు ఆగిపోయాయి, పైపులు పగిలాయి. కట్టడానికి నిధులిచ్చి, నడపడానికి ఇవ్వకపోతే ఏ భవనమైనా అలాగే అవుతుంది.

ఆస్ట్రియాలోని వియన్నా చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ కుటుంబాలు ఒకే గదిలో కిక్కిరిసి బతికేవి. 1923లో నగర ఆర్థిక వ్యవహారాలు చూసే హ్యూగో బ్రైట్నర్ ఇళ్ల మీద ఒక పన్ను తెచ్చాడు, పెద్ద భవంతులకు చాలా ఎక్కువ, చిన్న ఇళ్లకు నామమాత్రం. ఆ డబ్బుతో 1934 దాకా 60 వేలకు పైగా ఫ్లాట్లు కట్టారు. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ ఒక్కటే కిలోమీటరుకు పైగా పొడవు, దాదాపు 1,400 ఇళ్లు. అందులో లాండ్రీలు, పిల్లల బడి, లైబ్రరీ, మధ్యలో పెద్ద పచ్చిక. ఆ ప్లాన్ నేను చాలాసార్లు తీసి చూసుకుంటాను. ప్రతి ఇంటికీ గాలి, వెలుతురు వచ్చేలా ఎంత జాగ్రత్త పడ్డారో గీతల్లో కనిపిస్తుంది. ఇప్పటికీ అందులో జనం ఉంటున్నారు. నేడు నగర ప్రభుత్వం చేతిలో సుమారు 2 లక్షల 20 వేల ఇళ్లున్నాయి. పరిమిత లాభంతో నడిచే సంఘాల ఇళ్లు కూడా కలిపితే నగరంలో దాదాపు సగం మంది ఇలాంటి ఇళ్లలోనే ఉంటారు. ఆదాయ పరిమితి ఎక్కువగా పెట్టడం వల్ల టీచర్లు, నర్సులు, ఆఫీసు ఉద్యోగులు కూడా అందులో ఉంటారు. అందుకే అది "పేదల కాలనీ" అనే ముద్ర వేయించుకోలేదు, దాని నిర్వహణను గాలికొదిలేసే ధైర్యం ఏ పార్టీకీ రాలేదు.

సింగపూర్ దారి వేరు. 1960లో హౌసింగ్ బోర్డు పెట్టారు. 1961లో బుకిత్ హో స్వీ అనే గుడిసెల ప్రాంతం తగలబడి దాదాపు 16 వేల మంది నిలువ నీడ లేకుండా పోతే, ఏడాదిలోపే వాళ్లకు ఫ్లాట్లు సిద్ధం చేసి బోర్డు నమ్మకం సంపాదించింది. 1966లో భూసేకరణ చట్టం తెచ్చి నేలను తక్కువ పరిహారానికి తీసుకున్నారు. భూమి పోయినవాళ్లకు అది అన్యాయంగానే తోచింది, ఆ మాట దాచకూడదు. ఇప్పుడు దేశంలో దాదాపు 90 శాతం నేల ప్రభుత్వానిదే. జనంలో ముప్పాతిక మందికి పైగా బోర్డు కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. ఫ్లాట్ కొనుక్కున్నా అది 99 ఏళ్ల లీజు, నేల మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. వియన్నాది ఓటు, పార్టీల పోటీ మధ్య నడిచిన వ్యవస్థ, సింగపూర్‌ది గట్టి చేత్తో నడిపిన వ్యవస్థ. రెంటిలోనూ ఒకటి సమానం: నేలను ప్రభుత్వం వదులుకోలేదు.

వదులుకుంటే ఏమవుతుందో బ్రిటన్‌లో కనిపిస్తుంది. 1980 చట్టంతో కౌన్సిల్ ఇళ్లలో, అంటే స్థానిక ప్రభుత్వాల ఇళ్లలో, అద్దెకున్నవాళ్లకు తక్కువ ధరకు వాటిని కొనుక్కునే హక్కు వచ్చింది. కొన్న కుటుంబాలకు అది గొప్ప అదృష్టమే, వాళ్లను తప్పుపట్టను. కానీ అమ్మిన ఇళ్లకు బదులు అన్ని కొత్తవి కట్టలేదు. స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ హక్కును రద్దు చేశాయి.

నేల చౌకగా దొరుకుతుందని ఊరి బయట కట్టేయడం మరో పొరపాటు. మెక్సికోలో ప్రభుత్వ హౌసింగ్ నిధి అప్పులతో నగరాలకు దూరంగా వరసలు వరసలుగా ఇళ్లు లేచాయి. బస్సు లేదు, పని లేదు, బడి దూరం. లక్షల ఇళ్లను జనం వదిలేసి వెళ్లిపోయారు. ఇల్లు ఇచ్చామని చెప్పుకోవడానికి సంఖ్య ఉంటుంది, ఉండటానికి మనుషులుండరు. కొన్నాళ్లు నేనూ దూరంగా, అద్దె తక్కువని ఉన్నాను. ఆదా అయిన అద్దె బస్సులకు, బయటి తిండికి పోయింది. పిల్లలు నిద్రపోయాకే ఇంటికి చేరేవాణ్ని.

దీనికి హాంకాంగ్ ఒక మంచి పాఠం చూపించింది. ఇళ్ల ధరల్లో ఆ నగరం ఎవరికీ ఆదర్శం కాదు, కానీ రైలు విషయంలో ఒక పని సరిగ్గా చేసింది. స్టేషన్ల పైన, చుట్టుపక్కల కట్టే హక్కును రైలు రాకముందున్న నేల ధరకే రైలు సంస్థకు ఇచ్చారు. రైలు వచ్చాక పెరిగిన విలువతో రైలు ఖర్చు రాబట్టుకున్నారు. మిగతా చోట్ల అదే పెరుగుదల లైన్ పక్కన స్థలం ఉన్నవాళ్లకు ఊరికే దక్కుతుంది. అందరి పన్నులతో వచ్చిన విలువలో కొంత అందరికీ ఇళ్ల రూపంలో తిరిగి రావడం న్యాయం కదా. నేల విలువ మీద పన్ను వేసినా ఇదే పని జరుగుతుంది. ధర పెరుగుతుందని ఖాళీగా అట్టిపెట్టుకున్న స్థలాలు కదులుతాయి. కెనడాలోని వాంకూవర్ 2017 నుంచి ఖాళీగా ఉంచిన ఇళ్ల మీద పన్ను వసూలు చేసి, ఆ డబ్బును తక్కువ ఖర్చు ఇళ్లకే వాడుతోంది.

ఇన్ని దారులు తెలిసి కూడా ప్రభుత్వాలు ఎందుకు కదలవంటే, ఇల్లున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు ధర పెరగాలి. వాళ్లను విలన్లుగా చూడలేం. జీవితమంతా కష్టపడి కొన్న ఒక్క ఇల్లే వాళ్ల ముసలితనానికి ఆధారం. నా తోబుట్టువుల్లో ఒకరు అలా అప్పు చేసి కొన్నవాళ్లే, ధరలు తగ్గాలని వాళ్ల ముందు అనడానికి నాకు నోరు రాదు. అందుకే నేను కోరుకునేది ధరలు కుప్పకూలాలని కాదు. పది పదిహేనేళ్ల పాటు ధరలు ఉన్న చోటే ఉండి, జీతాలు వాటిని అందుకోవాలి. దానికి ప్రతి ఏడాదీ, ఏ ప్రభుత్వం వచ్చినా, ఇళ్లు కడుతూనే ఉండాలి.

మీ ప్రశ్నకు నా జవాబు వరసలో పెడితే ఇలా ఉంటుంది. ప్రభుత్వ స్థలం వేలం వేయడం ఆపి, లీజుకిచ్చి, దాని మీద అన్ని రకాల ఆదాయాల వాళ్లకూ ఇళ్లు కట్టాలి, వాటి నిర్వహణకు విడిగా నిధి ఉండాలి. బస్సు, రైలు అందే ప్రాంతాల్లో ఎక్కువ ఇళ్లకు అనుమతివ్వాలి, పార్కింగ్ రూళ్లు తీసేయాలి. అద్దెదారులకు చట్టం అండ కావాలి. కొనేవాళ్లకు నేరుగా డబ్బు సాయం అన్నిటికన్నా చివర రావాలి, అదీ ఇళ్ల సరఫరా పెరిగాకే.

మీరు చేయగలిగింది ఏమైనా ఉందా అంటే, ఉంది. నగరం మాస్టర్ ప్లాన్ మార్చేటప్పుడు ముసాయిదా పెట్టి అభ్యంతరాలు, సూచనలు అడుగుతారు. పని మీద అలాంటి సమావేశాలకు వెళ్లాను. వచ్చేవాళ్లలో దాదాపు అందరూ స్థలాలున్నవాళ్లు. మా వీధిలో అపార్ట్‌మెంట్లు వద్దని, మా పొలాన్ని నివాస జోన్‌లోకి మార్చమని రాతపూర్వకంగా ఇస్తారు. అద్దెకుండేవాళ్లు ఎవరూ కనిపించరు, ఆ ప్లాన్ తమకు సంబంధించిందని వాళ్లకు ఎవరూ చెప్పరు కాబట్టి. మీ నగరంలో ముసాయిదా ఎప్పుడు వస్తుందో కనుక్కోండి. మీ ఏరియా మ్యాప్ షీట్ తీసుకుని, ఏ రోడ్డు పక్కన ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, ప్రభుత్వ ఖాళీ స్థలం ఎక్కడుందో చూడండి. అక్కడ అద్దె ఇళ్లు కావాలని సర్వే నంబరు వేసి మరీ రాయండి. మ్యాప్ అర్థం కాకపోతే కింద అడగండి, ఎలా చదవాలో నేను చెప్తాను.